పేలనివి ఎన్ని? క్లస్టర్ బాంబుల నిషేధంపై చర్చ

తుంగభద్ర:

అందరికీ నమస్కారం. 2025 మార్చి 6న లిథువేనియా క్లస్టర్ ఆయుధాల నిషేధ ఒప్పందం నుంచి అధికారికంగా తప్పుకున్నప్పటి నుంచి ఈ విషయం నా మనసులో మెదులుతూనే ఉంది. 2008 మే 30న డబ్లిన్‌లో 107 దేశాలు ఆమోదించిన ఒప్పందం అది. ఆ ఏడాది డిసెంబరు 3న ఓస్లోలో సంతకాలు మొదలై, 30 దేశాలు ధ్రువీకరించిన తరువాత 2010 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. అందులో చేరిన దేశమొకటి వెనక్కి మళ్లడం ఇదే మొదటిసారి.

ఈ విషయం కొత్తగా చదివేవారి కోసం కొంత వివరిస్తాను. క్లస్టర్ బాంబు అంటే పదుల నుంచి వందల సంఖ్యలో చిన్న బాంబులను కడుపులో మోసుకొచ్చే పెద్ద డొల్ల. అది గాలిలోనే విచ్చుకుని, లోపలి పిల్ల బాంబులను ఒక ఆటస్థలమంత మేర, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువగా చల్లుతుంది. విమానం నుంచి జారవిడిచేవి ఉన్నాయి, ఫిరంగితో పేల్చేవి ఉన్నాయి, రాకెట్లలో పెట్టి పంపేవీ ఉన్నాయి. అలా చల్లినవాటిలో కొన్ని నేలను తాకినా పేలవు. అవి మట్టిలోనో, పొదల్లోనో, కొమ్మలకు చిక్కుకునో ఏళ్ల తరబడి ఉండిపోయి, చివరకు పార పట్టిన రైతు దెబ్బకో, ఆడుకునే పిల్లవాడి చేతిలోనో పేలుతాయి.

ఒప్పందంలో ఇప్పటికి 110కి పైగా దేశాలున్నాయి. అమెరికా, రష్యా, చైనా, ఇజ్రాయెల్, ఉక్రెయిన్, పాకిస్తాన్ చేరలేదు. భారత్ కూడా చేరలేదు. మన దేశం చేరాలని నేను నమ్ముతున్నాను. సైన్యంలో పనిచేసినవారు, చట్టం తెలిసినవారు ఈ వేదికలో ఉన్నారు కాబట్టి, నా నమ్మకంలో లోపముంటే చూపించమని కోరుతున్నాను.

మాజీ గన్నర్:

తుంగభద్ర గారూ, మంచి విషయం ఎత్తారు. నేను 22 ఏళ్లు ఫిరంగి దళంలో పనిచేసి విరమించినవాడిని. క్లస్టర్ గుళ్లను నేనెప్పుడూ యుద్ధంలో వాడలేదు. అయినా ఒక సైన్యం వాటిని ఎందుకు కోరుకుంటుందో మీకు వివరించగలను.

మామూలు ఫిరంగి గుండు ఒక్కచోట పడి ఒక్కసారి పేలుతుంది. ఎదుటి సైన్యం కందకాల్లో పొడవునా విస్తరించి ఉన్నా, వాహనాల వరుస మైదానం మీదుగా కదులుతున్నా, ఫిరంగుల స్థావరం ఫలానా గజం దగ్గర ఉందని కచ్చితంగా తెలియకపోయినా, ఆ ఒక్క గుండుతో జరిగే పని చాలా తక్కువ. అదే 155 మిల్లీమీటర్ల క్లస్టర్ గుండైతే, రకాన్ని బట్టి అందులో 72 లేదా 88 పిల్ల బాంబులుంటాయి. పలు మామూలు గుళ్లు చేయవలసిన పనిని అది ఒక్కటే చేస్తుంది. గుళ్లకు కరవు వచ్చినప్పుడు ఈ తేడా ప్రాణాల మీదకు వస్తుంది. 2023 జూలైలో అమెరికా ఉక్రెయిన్‌కు ఈ గుళ్లు ఇవ్వాలని నిర్ణయించినప్పుడు బైడెన్ చెప్పిన కారణం కూడా ఉక్రెయిన్ దగ్గర మందుగుండు అయిపోతోందన్నదే. అప్పటికి ఏడాదిన్నరగా రష్యా ఈ ఆయుధాన్ని ఉక్రెయిన్ మీద వాడుతూనే ఉంది. 2022 ఏప్రిల్ 8న క్రమతోర్స్క్ రైల్వే స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూస్తున్న 50 మందికి పైగా ప్రజలు చనిపోయింది క్లస్టర్ క్షిపణి వల్లనే.

మన రెండు సరిహద్దుల అవతల ఉన్న రెండు దేశాలూ ఈ ఒప్పందంలో లేవు. ఎదుటివాడు వదలనిదాన్ని మనమొక్కరమే వదులుకుంటే, దాని మూల్యం చెల్లించేది సరిహద్దులో నిలబడిన జవాను. అమెరికా తాను పంపిన గుళ్లలో పేలనివి 2.35 శాతానికి మించవని చెప్పింది. పాతకాలపు బాంబులను చూసి కొత్తవాటిని తీర్పు తీర్చడం న్యాయం కాదని నా అభిప్రాయం.

సుమతి:

గన్నర్ గారి మాటను గౌరవిస్తూనే, నేను కళ్లతో చూసినదాన్ని చెప్పాలనుకుంటున్నాను. ఒక ఆరోగ్య పథకంలో ఉద్యోగం మీద నేను లావోస్‌లో రెండేళ్లు ఉన్నాను. రాజధాని వియంటియాన్ నుంచి పని మీద సియెంగ్ క్వాంగ్ రాష్ట్రానికి చాలాసార్లు వెళ్లాను.

1964 నుంచి 1973 వరకు అమెరికా విమానాలు ఆ దేశం మీద 5,80,000 సార్లు బాంబుదాడులకు వెళ్లి, 20 లక్షల టన్నులకు పైగా మందుగుండు కుమ్మరించాయి. లెక్క కడితే తొమ్మిదేళ్ల పాటు, రాత్రింబగళ్లు, ఎనిమిది నిమిషాలకొక విమానం. అందులో పిల్ల బాంబులే 27 కోట్లకు పైగా ఉన్నాయి. వాటిలో 30 శాతం వరకు పేలలేదని అంచనా, అంటే ఇంచుమించు 8 కోట్లు నేలలో ఉండిపోయాయి. యుద్ధం ముగిసిన తరువాత వాటి వల్ల చనిపోయినవారు, గాయపడినవారు 20,000 మంది. ఈ అంకెలను నేను ఆఫీసు కాగితాల్లో ఎన్నోసార్లు చదివాను. అయితే ఆ రాష్ట్రంలోని ఫోన్‌సవన్ దగ్గర ఒక పొలం గట్టు మీద నిలబడేదాకా వాటి అర్థం నాకు తెలియలేదు.

అక్కడివారు పిల్ల బాంబును "బాంబీ" అంటారు. ఎక్కువగా కనబడే రకం టెన్నిస్ బంతి అంత ఉంటుంది, గుండ్రంగా, మట్టి రంగులో. మన ఊళ్లలో దీపావళి మర్నాడు పొద్దున్నే పిల్లలు వీధుల్లోకి పరుగెత్తి, చీదిపోయిన టపాకాయలను ఏరుకుని, విప్పి, లోపలి మందును కాగితంలో పోసి వెలిగించడం అందరికీ తెలిసినదే. నేనూ ఏరాను, మా అన్నయ్యా ఏరాడు. పేలనిది కనబడితే పిల్లవాడి చెయ్యి దాని మీదికే పోతుంది. లావోస్ పిల్లలు అంతకంటే ఎక్కువ తప్పేమీ చేయరు. వాళ్లు ఏరినదానిలో ఉక్కు గుళ్లుంటాయి, అంతే తేడా.

పిల్లల సంగతి ఇలా ఉంటే, పెద్దల సంగతి మరోలా ఉంటుంది. పాత ఇనుము కొనేవాడికి యుద్ధకాలపు లోహం అమ్మితే డబ్బు వస్తుంది కాబట్టి, ప్రమాదమని తెలిసీ తవ్వేవారుంటారు. పెద్ద బాంబు డొల్లలను నిలువునా కోసి ఉల్లిపాయలు, కొత్తిమీర పెంచే తొట్లుగా పెట్టుకున్న ఇళ్లను, వాటినే ఇంటి కింద గుంజలుగా నిలిపిన ఇళ్లను నేను చూశాను. ఎక్కువమందికి తెలియని మరో ప్రమాదం పొయ్యి వల్ల వస్తుంది. పొలంలో అన్నం వండుకుందామని నేల మీద మంట పెడతారు. దాని అడుగున, జానెడు లోతులో, యాభై ఏళ్ల కిందటి బాంబీ ఉంటుంది. వేడికి అది పేలుతుంది. అలా గాయపడి వచ్చినవారిని ఆసుపత్రిలో చూశాను. చుట్టూ కూర్చున్నది కుటుంబమంతా కాబట్టి గాయపడేదీ కుటుంబమంతా.

గన్నర్ గారు కొత్త బాంబులను పాతవాటితో పోల్చవద్దన్నారు. 2006లో ఇజ్రాయెల్ దక్షిణ లెబనాన్ మీద చల్లినవాటిలో ఎం-85 అనే కొత్త రకం ఉంది. నేలను తాకినప్పుడు పేలకపోతే తనంతట తానే పేలిపోయే ఏర్పాటు దానిలో ఉంది. ఒక శాతానికి మించి మిగలవని దానికి పేరు. యుద్ధం ముగిశాక నార్వే రక్షణ పరిశోధకులు, మందుపాతరల తొలగింపు నిపుణులు కలిసి క్షేత్రంలో లెక్క చూస్తే దాదాపు 10 శాతం మిగిలినట్లు తేలింది.

హన్మకొండ వకీలు:

చట్టం వైపు నుంచి కొన్ని విషయాలు స్పష్టం చేయడం అవసరమనిపిస్తోంది.

డబ్లిన్ ఒప్పందం "ఒక డొల్లలో పలు బాంబులున్న ప్రతిదీ నిషిద్ధం" అనలేదు. పదికంటే తక్కువ పిల్ల బాంబులుండి, ఒక్కొక్కటి నాలుగు కిలోలకు మించి బరువుండి, ప్రతిదీ ఒకే లక్ష్యాన్ని తానే గుర్తించి తాకేలా తయారై, పేలకపోతే తనను తాను నాశనం చేసుకునే, నిర్వీర్యం చేసుకునే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు రెండూ ఉన్న ఆయుధాన్ని మినహాయించింది. శాతాలను నమ్మి ఒప్పందం రాయవద్దని, ఆయుధం తీరును బట్టి రాయాలని చర్చల్లో పాల్గొన్న దేశాలు నిశ్చయించుకోవడానికి, సుమతి గారు చెప్పిన లెబనాన్ అనుభవం ముఖ్యమైన కారణం. ఆ యుద్ధంలో క్లస్టర్ దాడుల్లో 90 శాతం చివరి మూడు రోజుల్లో, కాల్పుల విరమణ ఖాయమవుతున్న సమయంలో జరిగాయని ఐక్యరాజ్యసమితి అధికారులు అప్పుడే ప్రకటించారు. దాదాపు ఆరు నెలలకే, 2007 ఫిబ్రవరిలో ఓస్లోలో చర్చలు మొదలయ్యాయి.

ఒప్పందంలో చేరిన దేశం తన నిల్వలను ఎనిమిదేళ్లలో ధ్వంసం చేయాలి, తన నేలలో మిగిలినవాటిని పదేళ్లలో తొలగించాలి, గాయపడినవారి వైద్యానికీ జీవనోపాధికీ బాధ్యత వహించాలి. పదేళ్లలో లావోస్ వల్ల కాలేదు. గడువు పొడిగించుకోవలసి వచ్చింది. నిల్వల విషయంలో మాత్రం పని పూర్తయింది. చివరిగా పెరూ 2023 డిసెంబరులో తన వంతు ముగించడంతో, సభ్యదేశాలు ప్రకటించిన నిల్వలన్నీ, అంటే 14.9 లక్షల క్లస్టర్ ఆయుధాలు, వాటిలోని 17.9 కోట్ల పిల్ల బాంబులు, లేకుండా పోయాయి.

ఇక భారత్ విషయం. మన దేశం ఈ ఒప్పందంలోనూ లేదు, మందుపాతరలను నిషేధించిన 1997 ఒట్టావా ఒప్పందంలోనూ లేదు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో క్లస్టర్ నిషేధాన్ని బలపరిచే తీర్మానం వచ్చినప్పుడు ఓటింగుకు దూరంగా ఉంటోంది. అలాగని ఏ బాధ్యతా లేదనుకోవడం పొరపాటు. యుద్ధం తరువాత మిగిలిపోయే పేలుడు పదార్థాల గురించి జెనీవాలో కుదిరిన అయిదో ప్రోటోకాల్‌ను భారత్ 2005లోనే ధ్రువీకరించింది. ఎక్కడ ఏ మందుగుండు వాడామో నమోదు చేసి ఉంచాలని, పోరాటం ఆగిన తరువాత ఆ వివరాలు ఇచ్చి తొలగింపుకు సహకరించాలని ఆ ప్రోటోకాల్ చెబుతుంది. అది వాడకాన్ని నిషేధించదు, పాత యుద్ధాలకు వర్తించదు. అది చాలదన్నదే నా అభిప్రాయం. అయినా మనం ఇప్పటికే ఒప్పుకున్న కనీస బాధ్యత అది.

మాజీ గన్నర్:

సుమతి గారు రాసినది రెండుసార్లు చదివాను. పొయ్యి సంగతి నాకు తెలియదు.

2.35 శాతం గురించి నేను చెప్పినదాన్ని కాగితం మీద లెక్క వేసి చూశాను. ఆ లెక్క నా వాదనకు అనుకూలంగా రాలేదు, అయినా ఇక్కడ పెట్టడం నా బాధ్యత. మా ఫిరంగి దళంలో బ్యాటరీ అనే ఒక్కో విభాగంలో ఆరు ఫిరంగులుంటాయి. ఒక్కోటి పది గుళ్లు పేల్చిందనుకుందాం, అది కొన్ని నిమిషాల పని. మొత్తం 60 గుళ్లు. ఒక్కో గుండులో 72 చొప్పున 4,320 పిల్ల బాంబులు. అమెరికా చెప్పిన శాతమే నిజమైతే సుమారు 100 పేలకుండా మిగులుతాయి. లెబనాన్‌లో తేలిన పది శాతమైతే 430. అదే 60 మామూలు గుళ్లలో నూటికి అయిదు పేలలేదనుకున్నా, మిగిలేవి మూడు. ఆ మూడూ పెద్దవి, మోయలేనంత బరువైనవి, కంటికి కనబడేవి. ఈ 100 మాత్రం అరచేతిలో ఇమిడేవి.

శాతం ఎందుకు మారుతుందో కూడా చెబుతాను. ఫిరంగి క్లస్టర్ గుండులోని పిల్ల బాంబుకు వెనుక ఒక గుడ్డ రిబ్బను ఉంటుంది. బయటపడగానే ఆ రిబ్బను గాలిలో విప్పుకుని, బాంబు ముఖం కిందికి ఉండేలా నిలబెడుతుంది. కిందికి దిగుతున్న కొద్దీ రిబ్బను ఫ్యూజులోని మరను విప్పుతుంది, అప్పుడే అది పేలడానికి సిద్ధమవుతుంది. రెండు రిబ్బన్లు ఒకదానికొకటి చుట్టుకున్నా, చాలినంత ఎత్తు లేకపోయినా, బురదలోనో మంచులోనో మెత్తగా దిగినా, చెట్ల కొమ్మల మధ్య పక్కకు ఒరిగినా, మందును పేల్చే సూది కొట్టవలసినట్లు కొట్టదు. పరీక్షలు జరిగేది గట్టి నేల మీద, చదునైన మైదానంలో. యుద్ధం జరిగేది దుక్కి దున్నిన పొలంలో, వానలో. మన పంజాబ్ సరిహద్దులో వరి నాట్లు వేసిన మడిలో ఇవి పడితే ఎన్ని పేలతాయో నాకు భయంగానే ఉంది.

అయినా నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఎదుటివాడు మన మీద వాడినప్పుడు మన జవానుకు ఏం చెబుతాం?

కౌనస్ విద్యార్థి:

నేను లిథువేనియాలో వైద్యవిద్య చదువుతున్నాను. మా కళాశాలలో తెలుగువారు చాలామంది ఉన్నారు. ఈ నిర్ణయం గురించి ఇక్కడి మిత్రులతో మాట్లాడాను కాబట్టి వారి మాట మీ ముందు పెడతాను.

ఈ దేశానికి ఒకవైపు బెలారస్, మరోవైపు రష్యాకు చెందిన కాలినిన్‌గ్రాడ్ ఉన్నాయి. చిన్న దేశం. పొరుగున ఉన్న లాత్వియా, ఎస్తోనియా, పోలండ్, సముద్రానికి అవతల ఫిన్లాండ్ ఎప్పుడూ ఈ ఒప్పందంలో చేరలేదు. ఉక్రెయిన్‌లో ఏం జరిగిందో చూసిన తరువాత, తమ మీద దాడి జరిగితే చేతిలో ఉండవలసిన ఆయుధాన్ని ముందుగానే ఎందుకు వదులుకోవాలని ఇక్కడి పార్లమెంటు 2024 జూలైలో నిర్ణయించింది. నా మిత్రుడి తాతగారిని సోవియట్ కాలంలో సైబీరియాకు పంపారట. ఆ ఇంట్లో కూర్చుని నిషేధం గురించి మాట్లాడినప్పుడు, "మా నేల మీద మేమే వాడుకుంటాం, తరువాత మేమే ఏరుకుంటాం, దేశమంటూ మిగిలితే" అని ఆయన కొడుకు అన్నాడు. దానికి నేను జవాబు చెప్పలేకపోయాను. సుమతి గారు రాసినది చదివాక కూడా ఆ మాట తప్పని పూర్తిగా అనలేకపోతున్నాను.

తుంగభద్ర:

కౌనస్ విద్యార్థి గారూ, ఆ కుటుంబం భయాన్ని నేను తేలికగా తీసుకోను. అయితే ఒక విషయం గమనించండి. లిథువేనియా దగ్గర క్లస్టర్ ఆయుధాలు లేవు, ఎప్పుడూ వాడలేదు. తప్పుకున్నందువల్ల ఆ మర్నాడు దాని బలం పెరగలేదు. తరిగినది ఒప్పందం బలం. ఒకరు వెళ్లారంటే ఇంకొకరికి దారి తెరుచుకుంటుంది. 2025లోనే లిథువేనియాతో పాటు లాత్వియా, ఎస్తోనియా, ఫిన్లాండ్, పోలండ్ మందుపాతరల నిషేధం నుంచి కూడా బయటికి రావాలని నిర్ణయించుకున్నాయి.

"తరువాత మేమే ఏరుకుంటాం" అన్న మాట నన్ను ఆలోచింపజేసింది. ఉక్రెయిన్ కూడా అలాంటి మాటే ఇచ్చింది. నగరాల్లో వాడబోమని, వాడిన చోట్లను నమోదు చేస్తామని, నేల తిరిగి తమ చేతికి వచ్చాక ముందుగా అక్కడే తొలగిస్తామని 2023లో ప్రకటించింది. మంచి మాటే. అయితే అంతకు ముందే, 2022లో ఇజియూమ్ ప్రాంతం రష్యా ఆక్రమణలో ఉన్నప్పుడు, ఉక్రెయిన్ క్లస్టర్ రాకెట్ల వల్ల సామాన్యులు చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ నమోదు చేసింది. తన దేశం మీద, తన ప్రజల ఊళ్ల మీద, తప్పనిసరై వాడినా బాంబుకు ఆ తేడా తెలియదు. ఆ 2022లోనే ప్రపంచం మొత్తం మీద క్లస్టర్ ఆయుధాలకు బలైనవారు, గాయపడినవారు 1,172 మంది అని, వారిలో 95 శాతం సామాన్య ప్రజలేనని ఈ ఆయుధాల బాధితుల లెక్క చూసే క్లస్టర్ మ్యూనిషన్ మానిటర్ నివేదిక తేల్చింది. దాడి సమయంలో కాక, తరువాత మిగిలినవాటి వల్ల దెబ్బతిన్నవారిలో 71 శాతం పిల్లలు.

ఏరుకోవడం ఎవరి పని అన్నది కూడా అడగాలి. 1999లో నాటో సెర్బియా మీద వేసిన క్లస్టర్ బాంబులను ఏరే పనిలో ఉన్న బ్రానిస్లావ్ కపెతనోవిచ్ శిక్షణ పొందిన నిపుణుడు. 2000 నవంబరులో ఒకటి పేలి రెండు చేతులూ రెండు కాళ్లూ కోల్పోయాడు. ఆ తరువాత చక్రాల కుర్చీలో దేశాలు తిరిగి ఈ ఒప్పందం కోసం పనిచేశాడు. నిపుణుడికే అలా జరిగితే, ఆవుల వెనుక వెళ్లే పిల్లవాడి మాటేమిటి?

గన్నర్ గారి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. ఎదుటివాడు విషవాయువు వాడితే మనమూ వాడాలని మన సైన్యం అనదు. 1997లో భారత్ తన రసాయన ఆయుధాల నిల్వను ప్రకటించి, 2009కల్లా మొత్తం నాశనం చేసింది. అప్పటికి పాకిస్తాన్ మనకు మిత్రదేశమేమీ కాదు. ఒక ఆయుధాన్ని మన జాబితా నుంచి తీసేయడం బలహీనత కాదని మన దేశమే ఒకసారి చూపించింది.

మాజీ గన్నర్:

రసాయన ఆయుధాల ఉదాహరణ బాగుంది. అయితే ఆ ఒప్పందంలో చైనా, పాకిస్తాన్ కూడా ఉన్నాయి, వాటి మీద తనిఖీలూ ఉన్నాయి. ఇక్కడ రెండూ లేవు. అందుకే రెండింటినీ ఒకే తక్కెడలో తూచలేను.

హన్మకొండ వకీలు:

గన్నర్ గారి అభ్యంతరం సరైనదే. దానికి ఒక్క మాట చేరుస్తాను. ఒప్పందంలో లేని దేశాల మీద కూడా ఈ నిషేధం ప్రభావం పడుతూనే ఉంది, మన కొనుగోళ్ల మీద కూడా పడింది. భారత వాయుసేన కోసం అమెరికా నుంచి సీబీయూ-105 అనే ఆయుధాలు 512 కొనడానికి ఒప్పందం జరిగింది. ఒక్కో డొల్లలో పది ఉపభాగాలు, వాటిలో ఒక్కోదానికి నాలుగు చొప్పున మొత్తం 40 పేలుడు బిళ్లలు ఉంటాయి. వాహనం వేడిని పసిగట్టి తాకుతాయి, తాకకపోతే తమంతట తామే పేలిపోవాలి. అప్పట్లో దీన్ని "బాధ్యతాయుతమైన క్లస్టర్ బాంబు" లాగా చూపించారు. సౌదీ అరేబియా దీన్ని యెమెన్‌లో వాడినప్పుడు, పేలని బిళ్లలు ఉపభాగానికి అతుక్కునే ఉండగా దొరికాయి. 2016లో అమెరికా సౌదీకి సరఫరా ఆపింది. అదే ఏడాది తయారీదారు టెక్స్‌ట్రాన్ ఈ ఆయుధం తయారీనే మానేస్తున్నట్లు ప్రకటించింది. అమెరికా ఒప్పందంలో లేదు, సౌదీ లేదు, భారత్ లేదు. అయినా కొనేవారు తగ్గి, పెట్టుబడిదారులు ప్రశ్నించడం మొదలుపెట్టాక ఆ కర్మాగారం ఆగింది. ఓస్లోలో సంతకాలు పెట్టినవారు సాధించిన ఫలితంలో ఇదీ ఒక భాగమని నేను నమ్ముతాను.

ఏజెన్సీ మాస్టారు:

చాలా రోజులుగా ఈ వేదికను చదవడమే తప్ప రాయలేదు. నేను భద్రాచలం అవతల ఒక ఆదివాసీ గ్రామంలో పాఠాలు చెబుతాను. మాకు క్లస్టర్ బాంబులు తెలియవు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల్లో పోలీసుల కోసం మావోయిస్టులు పాతిన ప్రెషర్ బాంబులు తెలుసు. వంటచెరకుకు వెళ్లినవారు, పశువుల వెంట వెళ్లినవారు వాటి మీద కాలు వేసి చనిపోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. పాతినవారికి వీళ్ల మీద పగ లేదు, వీళ్లకు వాళ్ల మీద పగ లేదు. అయినా కాలు పోయేది వీళ్లదే.

తునికాకు కోసే వేసవిలో తల్లిదండ్రులతో పాటు పిల్లలు కూడా అడవికి వెళతారు. "వెళ్లకండి" అని నేను చెప్పలేను, ఆ కొద్ది రోజుల సంపాదనతోనే వాళ్లకు ఏడాది పొడవునా ఉప్పూ పప్పూ వస్తాయి. కాలిబాట వదలవద్దని, కొత్తగా తవ్విన మట్టి కనబడితే ఆగమని, తీగ కనబడితే లాగవద్దని చెబుతాను. నాకు ఎవరూ నేర్పలేదు, తోచినది చెబుతున్నాను. సుమతి గారూ, అన్నేళ్లుగా ఆ బాధ పడుతున్న లావోస్ బడుల్లో పిల్లలకు ఏం చెబుతారో, ఎలా చెబుతారో కొంచెం రాయగలరా? ఇక్కడి చర్చ ఏ వైపు తేలినా అది నాకు పనికొస్తుంది.

మాజీ గన్నర్:

మాస్టారి మాట చదివాక నా వాదనను కొంత సవరించుకుంటున్నాను. ఒప్పందంలో ఇప్పుడే చేరాలని నేను ఇంకా అనలేను. అయితే రిబ్బనూ సూదీ మాత్రమే ఉన్న పాత ఫ్యూజుల గుళ్లు మన దగ్గర ఉంటే, వాటిని ఎవరి ఒత్తిడీ లేకుండా మనంతట మనమే ధ్వంసం చేయాలి. వకీలు గారు చెప్పిన నమోదు బాధ్యతను అక్షరాలా పాటించాలి. ఏ ఫిరంగి ఎప్పుడు ఎటు ఎన్ని గుళ్లు పేల్చిందో రాసే అలవాటు మా దళంలో మొదటి నుంచీ ఉన్నదే. ఆ పుస్తకాన్ని యుద్ధం తరువాత రైతుకు పనికొచ్చే పటంగా మార్చడం పెద్ద కష్టం కాదు. మా రోజుల్లో ఎవరూ అలా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

తుంగభద్ర:

గన్నర్ గారూ, మీరు చెప్పిన రెండు పనులూ జరిగితే నేను సంతోషిస్తాను. చేరాలన్న నా అభిప్రాయం మాత్రం మారలేదు. లావోస్‌లో కూడా ఎక్కడెక్కడ బాంబులు వేశారో అమెరికా దగ్గర రికార్డులున్నాయి. అవి తొలగింపువారికి అందేసరికి యుద్ధం ముగిసి ఎన్నో ఏళ్లు గడిచాయి. ఆ దేశానికి పదవిలో ఉన్న అమెరికా అధ్యక్షుడు మొదటిసారి వెళ్లింది 2016లో. ఒబామా అప్పుడు తొలగింపు కోసం మూడేళ్లకు 9 కోట్ల డాలర్లు ప్రకటించారు. అప్పటికి చివరి బాంబు పడి 43 ఏళ్లు.

సుమతి:

మాస్టారు గారూ, నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను. బొమ్మలాటల బృందాలు ఊళ్లకు వచ్చి పాటలతో కథ చెబుతాయి. బాంబీ దొరికిన పిల్లవాడు ఒకడు, వద్దని ఆపే స్నేహితురాలు ఒకతె. పిల్లలు నవ్వుతూ చూస్తారు, తరువాత పాట ఇంట్లోనూ పాడతారు. బడిలో చెప్పేవి మూడే మాటలు: తాకవద్దు, దగ్గరికి పోవద్దు, వచ్చిన దారినే వెనక్కి వెళ్లి పెద్దవారికి చెప్పు. ఎక్కువ చెబితే పిల్లలకు గుర్తుండదని అక్కడి టీచర్లు నాతో అన్నారు. రాయి విసరవద్దని మాత్రం విడిగా, గట్టిగా చెబుతారు, ఎందుకంటే మగపిల్లలు మొదట చేసేది అదే.

సియెంగ్ క్వాంగ్‌లో పెద్ద రాతి కూజాలున్న కూజాల మైదానంలో తొలగింపు సంస్థ మాగ్ నేలలో చిన్న గుర్తులు పాతింది. తెలుపు ఉన్న వైపు లోతు దాకా వెతికిన నేల, ఎరుపు ఉన్న వైపు పైపైన మాత్రమే చూసిన నేల. చదువు రాని ముసలమ్మ కూడా వాటిని చూసి నడుస్తుంది. మీ అడవిలో అలాంటి గుర్తులు పెట్టేవారు లేరని నాకు తెలుసు. అందుకే మీరు చెబుతున్న "కాలిబాట వదలవద్దు" అన్నదే అన్నిటికంటే ముఖ్యమైన మాట, దాన్ని మార్చకండి.

పొయ్యి గురించి కూడా మీ పిల్లల తల్లులకు చెప్పండి. అనుమానం ఉన్న చోట నేల మీద మంట పెట్టకూడదని, తప్పనిసరైతే రాళ్లు పేర్చి ఎత్తు మీద, ఇంతకు ముందు వండిన చోటే వండుకోవాలని అక్కడ నేర్పుతారు. నా దగ్గర ఆ బొమ్మల పటాలు కొన్ని ఉన్నాయి, మాటలు లావో భాషలో ఉన్నా బొమ్మలు చూస్తే అర్థమవుతాయి. మీకు పంపుతాను. ఈ వారంలో వాటి కింద తెలుగులో రాసి పెడతాను, కోయ భాషలో ఎలా చెప్పాలో మీరు చూసుకోండి.

ఏజెన్సీ మాస్టారు:

పంపండి అమ్మా. తునికాకు మొదలయ్యేలోపు అందితే చాలు. కోయలోకి మార్చే పని మా అయిదో తరగతి పిల్లలతోనే చేయిస్తాను.